అడిగితే చెప్పేవాళ్ళున్న చోటు

ఈసారి ఉత్తరాలన్నీ దాదాపు ఒకే దారిలో వచ్చాయి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు ఆపేసింది. విండోస్ 11 వేద్దామంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి, ప్రాసెసర్ కంపెనీ లిస్టులో ఉండాలి. ఇంటెల్ అయితే ఇంచుమించు ఎనిమిదో తరం నుంచే లెక్క. మన జిల్లాల్లో షాపుల్లో, ఇళ్ళల్లో నడుస్తున్న పాత డెస్క్‌టాప్‌లు చాలావాటికి ఆ యోగం లేదు. అందుకే చాలామంది విండోస్‌కి బదులు ఉచితంగా దొరికే లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వైపు చూస్తున్నారు, చూసి భయపడుతున్నారు. వచ్చినవాటిలో ఐదు ఉత్తరాలు తీసుకున్నాను.

*ప్రశ్న: మాస్టారూ, విజయనగరం గంటస్తంభం దగ్గర చిన్న డీటీపీ షాపు నాది. శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు చేస్తాను. మూడు కంప్యూటర్లూ పాతవే. లైనక్స్ వేసేద్దాం నాన్నా, ఫ్రీయే కదా అంటున్నాడు మా అబ్బాయి. మధ్యలో ఏదైనా ఆగిపోతే ఎవర్ని అడగాలి? సర్వీసుకొచ్చే కుర్రాడు లైనక్స్ పేరెత్తితే చాలు, "అది నాకు తెలీదండి, మళ్ళీ విండోసే వేసేస్తాను" అంటాడు. అను ఫాంట్లు, పేజ్‌మేకర్ లేకపోతే నాకు పూట గడవదు. ప్రింటరు కేనన్ ఎల్‌బీపీ 2900. పెళ్ళిళ్ళ సీజన్లో షాపు ఆగితే ఏటి గతి అని టెన్షన్‌గా ఉంది. – ఒక డీటీపీ షాపు యజమాని, విజయనగరం*

జవాబు: లైనక్స్ మంచిదా, విండోస్ మంచిదా అని అడిగేవాళ్ళే నాకు ఎక్కువ తగులుతారు. ఇరుక్కుంటే ఎవర్ని అడగాలని మీరు ముందే అడిగారు, సంతోషం. కొత్తవాళ్ళకి నేను చెప్పేది ఒకటే: ముందు మనుషుల్ని చూసుకోండి, ఆ తర్వాత సిస్టమ్. లైనక్స్‌లో వందల రకాలున్నాయి. చూడటానికి తళతళలాడే రకాన్ని ఎవరో వీడియోలో చూపిస్తారు, దాని ఫోరంకి, అంటే వాడేవాళ్ళు ప్రశ్నలూ జవాబులూ రాసుకునే సైటుకి, వెళ్తే పోయిన వారం అడిగిన ప్రశ్నలకి ఇంకా దిక్కుండదు. అలాంటిది మీకు వద్దు.

మీ షాపుకి నేనైతే లైనక్స్ మింట్ అంటాను. 2006 నుంచి ఉంది, ఉబుంటు అనే ఇంకో లైనక్స్ మీద కట్టినది. కాబట్టి ఉబుంటు వాళ్ళకి పనికొచ్చిన జవాబు చాలాసార్లు మీకూ పనికొస్తుంది, అంటే రెండు ఊళ్ళ జనం మీకు అక్కరకొస్తారు. మింట్ 22కి 2029 దాకా అప్‌డేట్లు ఉన్నాయి. ర్యామ్ 4 జీబీ అయితే ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్ తీసుకోండి, తేలిగ్గా నడుస్తుంది.

వేసేముందు ఒక సాయంత్రం మింట్ ఫోరంలో ఊరికే తిరగండి. అకౌంట్ అక్కర్లేదు. బిగినర్ల విభాగం వేరుగా ఉంది, ప్రింటర్లు–స్కానర్ల విభాగం ఇంకోటి. పైన ఉన్న ఓ పది ప్రశ్నలు తెరవండి. జవాబు ఎంతసేపట్లో వచ్చింది? చెప్పేవాడు విసుక్కున్నాడా, వివరం అడిగాడా? చివరికి పని అయిందో లేదో అడిగినవాడు వచ్చి చెప్పాడా? ఈ మూడూ చూస్తే ఆ చోటు ఎలాంటిదో తెలిసిపోతుంది. ఏ సిస్టమ్‌కైనా ఇదే పరీక్ష పెట్టండి.

తర్వాత అక్కడి వెతుకుడు పెట్టెలో మీ ప్రింటరు మోడల్ నంబరు కొట్టండి. మీకు ముందే చెబుతున్నాను, ఎల్‌బీపీ 2900 మీద పేజీలకి పేజీలు కనిపిస్తాయి. ఆ ప్రింటరు క్యాప్ట్ అనే కేనన్ సొంత భాషలో మాట్లాడుతుంది, మామూలు డ్రైవరుకి లొంగదు. కేనన్ లైనక్స్ డ్రైవరు ఇచ్చింది కానీ అది పాతది. కొందరు ఔత్సాహికులు సొంతంగా క్యాప్ట్‌డ్రైవర్ అని ఒకటి రాశారు. కొందరికి ఆడుతోంది, కొందరికి మొండికేస్తోంది. హెచ్‌పీ లేజర్లకి ఇంత గొడవ లేదు. హెచ్‌పీలిప్ అనే సాఫ్ట్‌వేరే చాలావరకు చూసుకుంటుంది, 1020 లాంటి వాటికి మాత్రం అదనంగా ఒక ప్లగిన్ దించుకోమంటుంది. అందుకని మింట్‌ని పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, డిస్కు ముట్టుకోకుండా దాని మీంచే కంప్యూటర్ ఆన్ చేసి చూడండి. వైఫై, సౌండు, స్కానర్ ఏది పలుకుతోందో ఏది పలకడం లేదో కాగితం మీద రాసుకోండి. రేపు ఫోరంలో అడగాల్సి వస్తే ఆ కాగితమే సగం ప్రశ్న.

ఇక అను, పేజ్‌మేకర్. ఈ ప్రశ్న మింట్ ఫోరంలో వేస్తే జర్మనీ ఆయనకో, కెనడా ఆయనకో ఏం బోధపడుతుంది? అను ఫాంట్లు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షరాల పద్ధతి) కావని, కీబోర్డు నడిపేది విండోస్ ప్రోగ్రామని, ఫైలు వేరే చోట తెరిస్తే అక్షరాల బదులు ఇంగ్లీషు గుర్తుల గందరగోళం కనిపిస్తుందని వాళ్ళకి తెలిసే అవకాశమే లేదు. వాళ్ళు మర్యాదగా "వైన్‌లో ప్రయత్నించండి" అంటారు. విండోస్ ప్రోగ్రాముల్ని లైనక్స్‌లో నడిపించే సాఫ్ట్‌వేరు వైన్. అదొక సరదా, అంతే. షాపు నడిచే పద్ధతి కాదు. ఇది తెలుగువాళ్ళని, అందులోనూ డీటీపీ చేసేవాళ్ళని అడగాల్సిన ప్రశ్న. డీటీపీ ఆపరేటర్లకి వాట్సాప్‌లో, ఫేస్‌బుక్‌లో గ్రూపులుంటాయి, మీరు ఏదో ఒకదాంట్లో ఉండే ఉంటారు. అక్కడ "స్క్రైబస్‌లో యూనికోడ్ ఫాంట్లతో శుభలేఖ చేసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా, ఉంటే పీడీఎఫ్ పంపండి" అని అడగండి. స్క్రైబస్ అంటే పేజ్‌మేకర్ లాగే పేజీలు పేర్చే ఉచిత సాఫ్ట్‌వేరు, దాని 1.6 వెర్షన్ ఒత్తులూ గుణింతాలూ సరిగ్గానే పేరుస్తుంది. మాటలు నమ్మకండి, ప్రింటు తీసిన పీడీఎఫ్ చూసి నమ్మండి.

నా సలహా: మూడింటిలో ఒకదాన్ని ఉన్నది ఉన్నట్టే ఉంచేయండి. నెట్ తీసేయండి, అను, పేజ్‌మేకర్, కేనన్ ప్రింటరు దానికే వదిలేయండి. పెన్‌డ్రైవ్ ఏది పడితే అది గుచ్చొద్దు. మిగతా రెండింటికీ మింట్ వేయండి. మెయిళ్ళు, పీడీఎఫ్‌లు, ఫొటోలు, బిల్లులు వాటి మీద. అయితే ఈ మార్పు మూఢంలో చేయండి. ముహూర్తాలు మొదలయ్యాక కొత్త ప్రయోగాలు వద్దు.

*ప్రశ్న: సార్, నేను ఎచ్చెర్లలో బీటెక్ చదువుతున్నాను. లాప్‌టాప్‌కి మింట్ వేశాక వైఫై రాలేదు. ఒక ప్రశ్న–జవాబు సైట్లో "వైఫై నాట్ వర్కింగ్, ప్లీజ్ హెల్ప్, అర్జెంట్" అని పెట్టాను. కాసేపటికే డూప్లికేట్ అని మూసేసి, మైనస్ మార్కు కూడా వేశారు. నా ఇంగ్లీషు బాగాలేదనేమో. మళ్ళీ అడగాలంటే సిగ్గుగా ఉంది. – ఒక విద్యార్థిని, ఎచ్చెర్ల*

జవాబు: ఇంగ్లీషు సంగతి పక్కన పెట్టమ్మా. 1991 ఆగస్టు 25న లైనస్ టోర్వాల్డ్స్ అనే ఇరవై ఒక్కేళ్ళ హెల్సింకీ విద్యార్థి, మినిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వాడేవాళ్ళ న్యూస్‌గ్రూపులో, తానొక ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నానని, మినిక్స్‌లో ఏవి నచ్చాయో ఏవి నచ్చలేదో చెప్పమని అడిగాడు. లైనక్స్ సంగతి లోకానికి తెలిసింది అలా, పదిమందిని అడిగిన ఉత్తరంతో. ఆయన ఇంట్లో మాట్లాడేది స్వీడిష్. ఇవాళ ఫోరాల్లో జవాబులు చెప్పేవాళ్ళలోనూ ఇంగ్లీషు ఇంటి భాష కానివాళ్ళు చాలామంది. చిన్న చిన్న వాక్యాలు రాయి, చాలు. తెలుగులో రాసుకుని ట్రాన్స్‌లేటర్‌లో వేసినా తప్పేం లేదు. ఎర్రర్ మెసేజ్‌ని మాత్రం అనువదించకు, ఉన్నది ఉన్నట్టు అతికించు.

నిన్ను మూసేయించింది వేరే సంగతి. అడిగే చోట్లు రెండు రకాలు. యూనిక్స్ అండ్ లైనక్స్ స్టాక్ ఎక్స్ఛేంజ్ లాంటి ప్రశ్న–జవాబు సైట్లు జవాబుల్ని దాచిపెట్టుకునే గోడౌన్లు. ఒక ప్రశ్న ఒక్కసారే ఉండాలన్నది వాళ్ళ నియమం. డూప్లికేట్ అన్నారంటే నీ ప్రశ్న పైన ఒక లింకు కూడా పెట్టి ఉంటారు, నీ జవాబు అందులో ఉండొచ్చు. వెళ్ళి చూశావా? చాలామంది మైనస్ చూసి మొహం తిప్పుకుని లింకు నొక్కకుండానే వచ్చేస్తారు. ఇక ఫోరం అంటే మాటా మాటా. అక్కడ నువ్వు సగం చెప్పినా వాళ్ళు మిగతా సగం అడిగి రాబడతారు. సమస్య ఏమిటో నీకే సరిగ్గా తెలియనప్పుడు ఫోరంకి వెళ్ళు. సరిగ్గా తెలిసి, జవాబు ఒక్కటే కావాలనుకుంటే ప్రశ్న–జవాబు సైటుకి. మింట్ మెనూలో మేట్రిక్స్ అని చాట్ గది కూడా ఉంటుంది, చిన్న చిన్న సందేహాలకి బాగుంటుంది. కాకపోతే అక్కడ రాసింది కాసేపటికి పైకి జరిగిపోతుంది, రేపు వెతికేవాళ్ళకి దొరకదు.

నీ ప్రశ్నలో అవతలివాడికి పనికొచ్చే ముక్క ఒక్కటీ లేదు తల్లీ. ఏ లాప్‌టాప్? ఏ మింట్? లోపల ఏ వైఫై చిప్పు? అసలు నెట్‌వర్కులే కనబడటం లేదా, కనబడి కలవడం లేదా? "అర్జెంట్" అన్న మాటకి ఫోరాల్లో విలువ లేదు. వాళ్ళు జీతం తీసుకోని మనుషులు, ఆఫీసు అయ్యాక వచ్చి కూర్చుంటారు. మళ్ళీ రాస్తే హెడ్డింగు ఇలా ఉండాలి:

"మింట్ 22 ఎక్స్‌ఎఫ్‌సీఈ – ఇన్‌స్టాల్ అయ్యాక వైఫై నెట్‌వర్కులు అసలు కనబడటం లేదు – బ్రాడ్‌కామ్ బీసీఎం43142"

ఆ చిప్పు పేరు నేను ఊహించి వేశాను, నీదేదో నువ్వు చూడాలి. మెనూలో సిస్టమ్ రిపోర్ట్స్ అని ఉంటుంది, కొత్త వెర్షన్లలో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ అంటున్నారు. అది తెరిస్తే మెషీన్ జాతకమంతా వస్తుంది. కాపీ నొక్కి, ప్రశ్న కింద కోడ్ పెట్టెలో అతికించు. స్క్రీన్‌కి ఫోనుతో వంకరగా ఫొటో తీసి పెట్టకు. ఆ అక్షరాలు ఎవరూ కాపీ చేసుకుని వెతకలేరు. అతికించే ముందు ఒకసారి కళ్ళతో చదువు. నీ పేరు, పాస్‌వర్డ్ లాంటివి ఉంటే తీసెయ్. దాని కింద నువ్వు ఇప్పటికే ఏం చేశావో రాయి: డ్రైవర్ మేనేజర్ తెరిచానని, రీస్టార్ట్ చేశానని, ఫలానా పేజీలో చెప్పినట్టు చేస్తే ఫలానా మెసేజ్ వచ్చిందని.

మరి వైఫై లేకుండా ఇవన్నీ ఎలా పెట్టాలి? ఫోనుని యూఎస్‌బీ కేబుల్‌తో లాప్‌టాప్‌కి తగిలించి, ఫోను సెట్టింగుల్లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చెయ్. మింట్‌లో దానికి డ్రైవరేమీ వేయక్కర్లేదు, నెట్ వచ్చేస్తుంది. వచ్చాక డ్రైవర్ మేనేజర్ తెరిచి చూడు. నేను ఊహించిన బ్రాడ్‌కామ్ చిప్పే అయితే డ్రైవరు అక్కడే కనబడుతుంది, వేసి రీస్టార్ట్ చేస్తే సరి. అప్పుడు ఎవర్నీ అడిగే పనే ఉండదు.

అడగాల్సి వస్తే మాత్రం రాత్రి భోజనం టైముకి పెట్టెయ్. మనకి రాత్రి పది పదకొండు అయ్యేసరికి యూరప్‌లో సాయంత్రం, అమెరికా తూర్పు తీరంలో మధ్యాహ్నం. నువ్వు పడుకున్నాక వాళ్ళు కూర్చుంటారు. అదే ప్రశ్న ఒకేసారి నాలుగు చోట్ల పెట్టకు. ఒకచోట పరిష్కారం దొరికిపోయాక ఇంకోచోట ఒకాయన గంటసేపు తల బద్దలు కొట్టుకుంటుంటాడు, తెలిస్తే ఒళ్ళు మండదా? ఒకచోట ఒకట్రెండు రోజులు చూసి, రాకపోతే మరోచోట అడుగు. మొదటి దాని లింకు ఇచ్చి మరీ అడుగు. పని అయ్యాక వెనక్కి వెళ్ళి ఏం చేస్తే అయిందో రెండు ముక్కలు రాసి, హెడ్డింగు ముందు "సాల్వ్‌డ్" అని చేర్చు. ఇది చేసేవాళ్ళు తక్కువ. చేసినవాళ్ళ పేరు అక్కడివాళ్ళకి గుర్తుంటుంది, రెండోసారి అడిగితే జవాబు తొందరగా వస్తుంది.

*ప్రశ్న: నేను రిటైర్డ్ ఉద్యోగిని. టెలిగ్రాంలో ఒక లైనక్స్ గ్రూపులో సందేహం అడిగాను. ఒకతను విడిగా మెసేజ్ పెట్టి, రిమోట్ యాప్ వేసుకోండి, నేనే లోపలికొచ్చి సరిచేస్తాను, ఐదొందలు పంపండి అన్నాడు. పంపమంటారా? – ఆమదాలవలస*

జవాబు: వద్దండి. గ్రూపులో అందరి ముందూ జవాబు చెప్పడానికి ఇష్టపడనివాడు చేసే సాయం మనకి అక్కర్లేదు. పదిమంది చూసేచోట తప్పుడు కమాండు రాస్తే పదకొండోవాడు దిద్దుతాడు, చాటుమాటు మెసేజ్‌లో దిద్దేవాడు ఉండడు. రిమోట్ యాప్ ఇచ్చారంటే మీ బ్యాంకు పేజీ కూడా ఇచ్చినట్టే. ఇప్పటికే యాప్ వేసి ఉంటే వెంటనే తీసేయండి, పాస్‌వర్డులు వేరే ఫోను నుంచి మార్చండి. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

*ప్రశ్న: ఇప్పుడు ఏఐ ఉంది కదా, ఈ ఫోరాలు చుట్టూ తిరగడం అవసరమా? – ఒక డిగ్రీ విద్యార్థి, బొబ్బిలి*

జవాబు: అర్థం కాని ఎర్రర్ మెసేజ్‌ని విడమరిచి చెప్పించుకోవడానికి ఏఐ బాగుంటుంది, నేనూ వాడతాను. దాని చిక్కల్లా తెలియదని చెప్పకపోవడమే. ఎప్పుడో తీసేసిన ప్యాకేజీ (సాఫ్ట్‌వేర్ మూట) పేరు చెబుతుంది, లేని ఆప్షన్ నొక్కమంటుంది, అంతా అదే ధీమాతో. సుడో అని మొదలయ్యే కమాండుకి సిస్టమ్ మీద పూర్తి అధికారం ఉంటుంది. అలాంటిది ఏది ఇచ్చినా, అందులో ఒక్కో ముక్క ఏం చేస్తుందో ముందు అడుగు. తర్వాత మాన్యువల్‌లోనో, ఆర్చ్ అనే ఇంకో లైనక్స్ వాళ్ళ వికీలోనో సరిచూసుకో. ఆర్చ్ వికీ రాసింది ఆర్చ్ వాడేవాళ్ళ కోసమే అయినా, ఏది ఎందుకు అలా పనిచేస్తుందో అంత శుభ్రంగా రాసినవాళ్ళు తక్కువ. ప్యాకేజీలు ఎక్కించే కమాండ్లు మాత్రం నీ సిస్టమ్‌వి వాడు. ఫోరంలో పాత జవాబు దొరికినా ఇదే జాగ్రత్త: తేదీ చూడు, వెర్షన్ చూడు. 2014లో ఒకాయనకి పనిచేసిన చిట్కా ఇప్పుడు నీ మెషీన్‌ని పడుకోబెట్టొచ్చు. డిస్కు పార్టిషన్లు, బూట్ లాంటివాటి జోలికి పోయేముందు మాత్రం మనుషుల్నే అడుగు.

*ప్రశ్న: రాజాం దగ్గర హైస్కూల్లో తెలుగు చెబుతాను. మా స్కూలు లాప్‌టాప్‌కి ఒక పూర్వ విద్యార్థి మింట్ వేసిచ్చి బెంగళూరు వెళ్ళిపోయాడు. ప్రశ్నపత్రాలు తెలుగులో టైపు చేయడం ఎలా? ఇంగ్లీషు ఫోరాలు నా వల్ల కాదు. తెలుగులో నేర్పేవాళ్ళు, చెప్పేవాళ్ళు ఉన్నారా? – తెలుగు పండితుడు*

జవాబు: ఉన్నారు మాస్టారూ. ముందు నేర్చుకోవడం సంగతి. ఐఐటీ బాంబే వాళ్ళ స్పోకెన్ ట్యుటోరియల్ అని ఉంది. లైనక్స్, లిబ్రేఆఫీస్ (ఎంఎస్ ఆఫీస్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్) మీద చిన్న చిన్న పాఠాలు, చాలావాటికి తెలుగు మాట ఉంది, డబ్బు కట్టక్కర్లేదు. పాఠం ఆపుకుంటూ పక్కనే చేసుకుంటూ పోవాలి. నాకు నచ్చింది వాళ్ళ ప్రశ్నల పద్ధతి. పాఠంలో ఏ నిమిషం, ఏ సెకను దగ్గర ఆగిపోయారో ఎంచుకుని అడగాలి. ఎక్కడ సందేహమో వివరించలేక అవస్థపడే పని లేదు. యూట్యూబ్‌లో తెలుగు వీడియోలూ బోలెడున్నాయి గానీ, సగం సేపు సబ్‌స్క్రైబ్ చేయమనడంతోనే సరిపోతుంది.

తెలుగులో అడగడానికి స్వేచ్ఛ అనే సంస్థ ఉంది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీద తెలుగునాట ఎన్నో ఏళ్ళుగా పనిచేస్తున్నవాళ్ళు, ఒక లైనక్స్‌ని తెలుగులోకి తెచ్చినవాళ్ళు. ఇంజనీరింగ్ కాలేజీల్లో వాళ్ళ స్ఫూర్తితో నడిచే లైనక్స్ బృందాలుంటాయి. మీకు దగ్గర్లోనే ఇంజనీరింగ్ కాలేజీ ఉంది కదా, కంప్యూటర్ సైన్స్ విభాగానికి వెళ్ళి అలాంటి బృందం ఉందా అని అడగండి. పిల్లలు ఉత్సాహంగా వస్తారు. ఊరు మాస్టారు వచ్చి అడిగితే కాదనేవాళ్ళు మన వైపు ఇంకా పుట్టలేదు. టైపింగు గురించి తెలుగు వికీపీడియాలో కూడా సహాయ పేజీలున్నాయి, తెలుగులోనే.

టైపింగుకి నేనే చెప్పేస్తాను. మింట్ సెట్టింగుల్లో కీబోర్డు, అందులో లేఅవుట్లు. అక్కడ తెలుగు చేర్చండి. మామూలుగా వచ్చేది ఇన్‌స్క్రిప్ట్, ప్రభుత్వ ప్రమాణం, అచ్చులు హల్లులు ఒక వరసలో ఉంటాయి. మీలాంటి వ్యాకరణం తెలిసినవాళ్ళకి వారంలో పట్టుబడుతుంది. అమ్మ అనడానికి amma అని ఇంగ్లీషు అక్షరాలే కొట్టే అలవాటుంటే ఇన్‌పుట్ మెథడ్ అనే చోట తెలుగుకి కావలసినవి ఎక్కించి, ఐబస్ అనే టైపింగు సాఫ్ట్‌వేరులో ఆర్‌టీఎస్ అనే పద్ధతి ఎంచుకోండి. ఇదివరకు యాపిల్ కీబోర్డు పద్ధతిలో కొట్టినవాళ్ళకి అదీ ఉంది.

ఫాంట్ల విషయం. మన విజయనగరం వాళ్ళకి ముచ్చటేసే సంగతి, గురజాడ పేరు మీదే ఒక యూనికోడ్ ఫాంటు ఉంది, ఉచితం. ప్రశ్నపత్రం పైన స్కూలు పేరుకి అది పెట్టండి. కింద ప్రశ్నలకి మాత్రం నోటో సెరిఫ్ తెలుగు వాడండి. జిరాక్స్ తీశాక కూడా ఒత్తులు విడివిడిగా కనబడతాయి.